రేకుల షెడ్డు, నాలుగో స్తంభం, సమతల సమీకరణం

ఎక్స్ + వై = 5 అంటే ఏమిటని ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని అడిగితే, తడుముకోకుండా సరళరేఖ అంటాడు. కాగితం మీద ఆ జవాబు సరైనదే. త్రిపరిమాణ నిరూపకాల (బిందువు చోటును మూడు సంఖ్యలతో చెప్పే పద్ధతి) అధ్యాయం మొదలైన తరువాత కూడా అదే జవాబు వస్తే మాత్రం, ఆ పైన వచ్చే సూత్రాలన్నీ అతనికి బట్టీ పట్టవలసిన అక్షరాలుగానే మిగిలిపోతాయి. హనుమకొండలో చాలా కాలంగా ఇంటర్ విద్యార్థులకు గణితం బోధిస్తున్న నాకు, సమతలం (అంతులేని చదునైన తలం) అధ్యాయంలోని చిక్కు చాలావరకు ఇక్కడే మొదలవుతుందని అనిపిస్తుంది.

ఎక్స్ + వై = 5 అనే షరతు, ఎత్తును చూపే మూడవ నిరూపకం జెడ్ గురించి ఏమీ చెప్పడం లేదు. చెప్పకపోవడమంటే జెడ్ సున్నా అని కాదు, జెడ్ ఏ విలువనైనా తీసుకోవచ్చని అర్థం. నేల మీద గీసిన గీతలోని ప్రతి బిందువు నుంచీ పైకీ కిందికీ ఎంత దూరమైనా పోవచ్చు కనుక, ఆ గీత మీద నిటారుగా నిలిచిన అంతులేని తలం మొత్తం ఆ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన మా ఊరి వేయిస్తంభాల గుడి నక్షత్రాకారపు పీఠం మీద నిలిచి ఉన్నది. నేలను ఎక్స్-వై తలంగా తీసుకుంటే, ఆ పీఠంలో నిలువుగా ఉన్న ముఖాలు ఎన్ని దిక్కులకు తిరిగి ఉన్నా, వాటిలో ఒక్కదాని సమీకరణంలోనూ జెడ్ కనిపించదు. నిలువు తలం అనడమూ, జెడ్ గుణకం (జెడ్‌ను గుణించే సంఖ్య) సున్నా అనడమూ ఒకటే.

అంతరాళంలో, అంటే త్రిపరిమాణ స్థలంలో, ఒక బిందువుకు మూడు నిరూపకాలుంటాయి. ఒక్క సమీకరణం పెట్టగానే వాటిలో రెండింటిని మన ఇష్టప్రకారం తీసుకోవచ్చు, మూడవది మాత్రం వాటిని బట్టి తేలిపోతుంది. అందుచేత ఒక ఏకఘాత సమీకరణం (వర్గాలు, ఘనాల వంటివి లేనిది) తలాన్నే ఇస్తుంది తప్ప రేఖను ఇవ్వదు. రేఖ కావాలంటే రెండు సమీకరణాలు కలిసి రావాలి. 1637లో డెకార్ట్ ప్రచురించిన జ్యామితి ప్రధానంగా ఒక తలంలోని వక్రాల చుట్టూనే తిరిగింది. అంతరాళంలోని వక్రాలను, రెండు తలాల మీద నీడల్లా పడే వాటి విక్షేపాల ద్వారా, క్రమపద్ధతిలో పరిశీలించిన గ్రంథాన్ని ఫ్రాన్స్‌కు చెందిన క్లేరో 1731లో ప్రచురించాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు, అంటే మన ఇంటర్ పూర్తిచేసిన పిల్లల వయసు. మధ్యలో తొంభై ఏళ్లకు పైగా గడిచాయన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ అధ్యాయం దగ్గర తడబడే విద్యార్థి మీద కొంత ఓపిక కలుగుతుంది.

ఇక అసలు సమీకరణం విషయానికి వస్తాను. వానాకాలానికి ముందు మా వైపు ఇళ్ల ముందు రేకుల షెడ్లు వేయించుకోవడం మామూలే. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న దీర్ఘచతురస్రపు జాగాలో నాలుగు మూలలా ఇనుప స్తంభాలు పాతుతున్నారని అనుకుందాం. నేల మీది ఒక మూలను మూలబిందువుగా (మూడు నిరూపకాలూ సున్నా అయ్యే చోటుగా) తీసుకుని, వెడల్పు వెంట ఎక్స్‌ను, పొడవు వెంట వైని, నిలువునా జెడ్‌ను కొలిస్తే, అక్కడి స్తంభం ఎత్తు 10 అడుగులు. వెడల్పు వెంట అవతలి మూలలో 9 అడుగులు. పొడవు వెంట అవతలి మూలలో ఎనిమిదిన్నర అడుగులు. నాలుగో స్తంభం ఎత్తు ఎంత ఉండాలి? దానిని నిర్ణయించే స్వేచ్ఛ ఇక మేస్త్రీకి లేదు. ఒకే గీత మీద లేని మూడు బిందువులు తలాన్ని ఖాయం చేసేశాయి.

పన్నెండు అడుగులకు ఒక అడుగు, పద్దెనిమిది అడుగులకు అడుగున్నర వాలు, అంటే ఆ మూల నుంచి ఏ అంచు వెంట నడిచినా అడుగుకు ఒక అంగుళం చొప్పున రేకు దిగుతున్నది. కనుక జెడ్ = 10 − ఎక్స్/12 − వై/12. భిన్నాలు తొలగిస్తే ఎక్స్ + వై + 12 జెడ్ = 120 వస్తుంది. ఎక్స్‌కు 12, వైకి 18 ఇస్తే నాలుగో స్తంభం ఏడున్నర అడుగులని తేలుతుంది. ఒకవేళ దానిని 8 అడుగులు పెడితే ఎడమవైపు 126 వస్తుంది, కుడివైపు 120 ఉన్నది. రేకు మెలి తిరగక తప్పదు. లెక్క రానివారు కూడా ఈ తేడాను దారంతో పట్టుకోవచ్చు. ఎదురెదురు మూలల స్తంభాల కొనలను కలుపుతూ రెండు దారాలు బిగించి కడితే, ఏడున్నర అడుగుల స్తంభంతో అవి నడుమ ఒకదానినొకటి తాకుతాయి, ఎందుకంటే రెండు దారాల మధ్యబిందువుల ఎత్తూ 8.75 అడుగులే. ఎనిమిది అడుగుల స్తంభంతో అయితే ఒక దారం మూడు అంగుళాలు పైన ఉండిపోతుంది.

ఆ సమీకరణంలోని 1, 1, 12 అనే గుణకాలు ఎక్కడివి? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే అధ్యాయంలో సగానికి పైగా తెలిసినట్లే. రేకు మీద ఒక బిందువును, ఉదాహరణకు (0, 0, 10)ను, స్థిరంగా పట్టుకోండి. రేకు మీది మరే బిందువుకైనా అక్కడి నుంచి గీసిన సదిశ, అంటే దిశా పొడవూ ఉన్న బాణం, (ఎక్స్, వై, జెడ్ − 10) అవుతుంది. రేకుకు లంబంగా నిలిచే దిశ ఒకటి ఉంటుంది, దానినే అభిలంబం అంటాము. రేకులో పడుకున్న ప్రతి సదిశా దానికి లంబమే. అభిలంబాన్ని (1, 1, 12)గా తీసుకుని ఆ రెండింటి అదిశా లబ్ధాన్ని (వరుసలోని సంఖ్యలను జతలుగా గుణించి కూడితే వచ్చేది, లంబంగా ఉన్న సదిశలకు ఇది సున్నా) సున్నాకు సమానం చేస్తే, పైన వచ్చిన సమీకరణమే మళ్లీ వస్తుంది. సమతల సమీకరణానికి ఎన్ని రూపాలున్నా, వాటి వెనుక ఉన్నది ఈ లంబత్వం ఒక్కటే. మన సిలబస్‌లో సదిశల భాగం 1ఏ పేపర్‌లోనూ, సమతలం 1బి పేపర్‌లోనూ ఉండడం వల్ల, పిల్లలు వీటిని రెండు వేర్వేరు విషయాలుగా చదువుతారు. నా మట్టుకు నేను అదిశా లబ్ధం చెప్పిన వారంలోనే సమతలాన్ని కూడా పరిచయం చేయడం మేలని నమ్ముతాను.

అభిలంబం కంటికి కనిపించదు కదా అంటే, వాన పడినప్పుడు కనిపిస్తుంది. నీరు అతి నిట్రమైన వాలు వెంటే జారుతుంది. ఆ దారిని పైనుంచి చూస్తే అభిలంబంలోని మొదటి రెండు సంఖ్యలు సూచించే దిశలోనే, అంటే (1, 1) దిశలో, రెండు అంచులకూ 45 డిగ్రీల కోణంలో సాగుతుంది. ఎత్తైన మూలలో పడిన చినుకు నేరుగా పల్లపు మూలకు పోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు, అది (12, 12) దగ్గర పక్క అంచును తాకి, అక్కడే, 8 అడుగుల ఎత్తు నుంచి కారిపోతుంది. నీటి తూము ఎక్కడ పెట్టాలో చెప్పగలిగిన సమీకరణాన్ని ఎప్‌సెట్ ప్రశ్నకు నిమిషంలో జవాబు గుర్తించడానికే వాడుకోవడం నాకు కాస్త బాధగానే ఉంటుంది.

గుణకాలు దిశను చెబితే, స్థిరపదం చోటును చెబుతుంది. షెడ్డు మొత్తాన్ని ఒక అడుగు పైకి లేపితే 1, 1, 12 మారవు, 120 మాత్రం 132 అవుతుంది. పాత తలానికీ కొత్త తలానికీ మధ్య దూరం ఒక అడుగేనా? కాదు. 12ను √146తో, అంటే 1, 1, 12ల వర్గాల మొత్తానికి వర్గమూలమైన అభిలంబం పొడవుతో, భాగిస్తే దాదాపు 0.993 అడుగు వస్తుంది. నిలువుగా లేపినది అడుగే అయినా, సమాంతర తలాల మధ్య దూరాన్ని అభిలంబం వెంట కొలవాలి, ఆ అభిలంబం నిలువుకు సుమారు 6.7 డిగ్రీలు వాలి ఉన్నది. మూలబిందువు నుంచి రేకుకు లంబ దూరం 10 అడుగులు కాక 120/√146, అంటే సుమారు 9.93 అడుగులు కావడానికీ కారణం అదే. దూరం సూత్రంలో హారంలోని వర్గమూలం ఎందుకు వచ్చిందని అడిగే విద్యార్థులు అరుదు. అభిలంబం పొడవు 1 కాదు కనుక, ఆ పొడవుతో భాగించి సరిచేస్తున్నాము, అంతే. ముందే భాగించి పెట్టుకుంటే వచ్చేది అభిలంబ రూపం. జర్మన్ గణితవేత్త ఓటో హెస్సె (1811–1874) పేరు మీద చెప్పుకునేది ఇదే.

తలం మూడు అక్షాలను ఎక్కడెక్కడ ఖండిస్తుందో చెప్పే అంతరఖండ రూపానికి అనవసరంగా పెద్దపీట వేస్తారని నా అభిప్రాయం. మన రేకుకు అది ఎక్స్/120 + వై/120 + జెడ్/10 = 1. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ తలం మూలబిందువు గుండా పోయినా, ఏదో ఒక అక్షానికి సమాంతరంగా ఉన్నా ఆ రూపంలో రాయలేము. మొదట చెప్పుకున్న ఎక్స్ + వై = 5 కు జెడ్ అంతరఖండమే లేదు.

మూడు బిందువులు ఇచ్చినప్పుడు, ఒకదాని నుంచి మిగిలిన రెండింటికీ సదిశలు గీసి, వాటి సదిశా లబ్ధం (ఆ రెండింటికీ లంబంగా ఉండే సదిశ) కడితే అభిలంబం దొరుకుతుంది. ఆ మూడూ ఒకే గీత మీద ఉంటే మాత్రం, బందుల మీద తిరిగే తలుపు రెక్కలాగా తలం ఆ గీత చుట్టూ ఎటైనా తిరగగలదు. అటువంటి తలాలు అనంతం. అప్పుడు సదిశా లబ్ధం శూన్య సదిశ అవుతుంది, చివరకు 0 = 0 మిగులుతుంది. విద్యార్థి లెక్క తప్పిందనుకుని మళ్లీ మొదటి నుంచి చేస్తాడు. లెక్క తప్పలేదు; ఇచ్చిన మూడు బిందువులు ఏ ఒక్క తలాన్నీ ఎంచలేవు కనుక, ఆ 0 = 0 అనేదే సరైన జవాబు.