సింప్లెక్స్ టేబుల్ పక్కన పెట్టి లీనియర్ ప్రోగ్రామింగ్ చెప్పాను: నా అనుభవం

ఎంబీఏ వాళ్లకు ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలకు లెక్కల సాయం తీసుకునే సబ్జెక్టు), అందులో లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న షరతులకు లోబడి ఎక్కువ లాభమో తక్కువ ఖర్చో వెతికే పద్ధతి) చెప్పే బాధ్యత నా మీద పడ్డప్పుడు సీనియర్లు ఇచ్చిన సలహా ఒక్కటే: "సింప్లెక్స్ టేబుల్స్ బాగా ప్రాక్టీస్ చేయించండి, పరీక్షలో అవే వస్తాయి." చేయించాను. మెట్టుమెట్టుగా మెరుగైన జవాబుకు తీసుకెళ్లే అంకెల పట్టికలవి. క్లాసులో సగం మంది లెక్కల పీడ వదిలిందనుకుని బిజినెస్ కోర్సులో చేరినవాళ్లు. పివట్ (ఒక టేబుల్ నుంచి తర్వాతి టేబుల్‌కు వెళ్లే లెక్క) అనగానే ముఖాలు మాడిపోయేవి. అయినా కష్టపడి టేబుల్ వేసేవాళ్లు. చివరి వరసలో వచ్చిన అంకెలకు అర్థమేమిటని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. మేనేజర్‌కు పనికొచ్చేది ఆ చివరి వరసే కదా! అందుకని చెప్పే వరసే మార్చేశాను.

ఇప్పుడు మొదటి క్లాసులో గ్రాఫూ ఉండదు, టేబులూ ఉండదు. బోర్డు మీద చిన్న సమస్య రాస్తాను. ఒక వర్క్‌షాప్‌లో బీరువాలు, బల్లలు చేస్తారు. బీరువా మీద లాభం 30, బల్ల మీద 20 అనుకుందాం. బీరువాకు కటింగ్‌లో 2 గంటలు, అసెంబ్లీలో 1 గంట పడుతుంది. బల్లకు రెండు చోట్లా ఒక్కో గంట చాలు. వారానికి కటింగ్‌లో 100 గంటలు, అసెంబ్లీలో 80 గంటలు దొరుకుతాయి. బీరువాలు 40కి మించి అమ్ముడుపోవు. మేనేజర్ మీరైతే ఏవి ఎన్ని చేయిస్తారు?

"బీరువా మీదే లాభం ఎక్కువ కదా మేడమ్, ముందు 40 బీరువాలు చేసేద్దాం" అంటారు ఎక్కువమంది. మిగిలిన కటింగ్ గంటల్లో 20 బల్లలు వస్తాయి, మొత్తం లాభం 1600. కొందరు బీరువాల జోలికే పోకుండా 80 బల్లలు చేస్తారు. అదీ 1600. 20 బీరువాలు, 60 బల్లలు వేసి చూడమంటాను. 1800! రెండు చోట్లా ఒక్క గంట కూడా ఖాళీ లేదు. "ఇది ఎలా దొరికింది మేడమ్?" అని వాళ్లే అడిగాక గ్రాఫ్ గీస్తాను. జవాబు షరతుల గీతలు కలిసే మూలల్లోనే ఉంటుందని అప్పుడు గొంతు చించుకుని చెప్పనక్కర్లేదు.

అసలు మజా షాడో ప్రైస్ దగ్గర, అంటే ఇంకో గంట దొరికితే పెరిగే లాభం దగ్గర. కటింగ్‌లో ఇంకో గంట దొరికితే దాని విలువెంత? ఠక్కున వచ్చే జవాబు 15. రెండు గంటలకు 30 వస్తోంది కాబట్టి గంటకు 15 అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంకో బీరువా చేయాలంటే అసెంబ్లీలోనూ ఒక గంట కావాలి, అక్కడేమో ఖాళీ లేదు. కాబట్టి ఒక బల్ల మానుకోవాలి. మానుకుంటే అసెంబ్లీలో ఒక గంట, కటింగ్‌లో ఒక గంట మిగులుతాయి. దానికి కొత్తగా దొరికిన కటింగ్ గంట కలిపితే ఒక బీరువా తయారవుతుంది. 30 వచ్చింది, 20 పోయింది, చేతికి మిగిలింది 10. సరిచూసుకోండి: 21 బీరువాలు, 59 బల్లలు, 1810. ఈ అదలాబదలీ కాగితం మీద ఒక్కసారి చేసిన విద్యార్థికి డ్యూయల్ (ఇలా గంటల విలువలు వెతికే జంట సమస్య) అంటే పెద్ద బెదురు ఉండదు.

"అయితే ఓవర్‌టైమ్‌కు గంటకు 10 దాకా ఇవ్వొచ్చా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నేను వెంటనే అవుననను. ఆ 30, 20 లాభాల్లో కటింగ్ కూలి ముందే తీసేశారా, లేదా? తీసేసి ఉంటే మామూలు కూలికి పైన ఇంకో 10 దాకా ఇవ్వొచ్చు. జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే అని లెక్కలో వేయకపోయి ఉంటే, మొత్తం కలిపి 10 దాటకూడదు. కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో కునుకు తీసినవాళ్లు కూడా ఇక్కడ లేచి వాదిస్తారు. ఇంకో మెలిక కూడా ఉంది. కటింగ్ 120 గంటలకు చేరేసరికి బీరువాలు 40 అవుతాయి. ఆ పైన దొరికే గంట విలువ సున్నా. ఎక్సెల్‌లోని సాల్వర్ ఇచ్చే సెన్సిటివిటీ రిపోర్టులో (అంకెలు మారితే జవాబు ఎలా మారుతుందో చెప్పేది) "అలవబుల్ ఇంక్రీజ్ 20" అని కనపడేది ఇదే.

సాల్వర్ నేర్పడానికి ఎక్కువ సమయం పట్టదు. సాల్వింగ్ మెథడ్ దగ్గర సింప్లెక్స్ ఎల్‌పీ ఎంచుకున్నారో లేదో చూస్తాను, అంతే. పూర్ణాంకాలే కావాలని షరతు పెడితే సెన్సిటివిటీ రిపోర్టు రాదని మాత్రం ముందే చెప్పాలి. లేకపోతే ల్యాబ్‌లో అందరూ ఒకేసారి చేతులెత్తుతారు.

బిజినెస్ విద్యార్థులు నిజంగా రాణించేది షరతులు రాయడంలో. దానికి నేను చెప్పే కథ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిన జార్జ్ డాంట్‌జిగ్‌దే. బరువు తగ్గడానికి ఆయన తన తిండికి తానే మోడల్ రాసుకున్నాడు. కడుపు నిండినట్టుండాలి, కేలరీలు దాటకూడదు. రోజుకు 500 గ్యాలన్ల వెనిగర్ తాగమని కంప్యూటర్ జవాబిచ్చింది! వెనిగర్ తీసేస్తే ఈసారి 200 సూప్ క్యూబులు తినమంది. లెక్కలో తప్పేమీ లేదు, మనిషి అన్ని తినలేడన్న షరతు ఎవరూ రాయలేదు. తర్వాత బీరువాల సమస్యలో ఏ షరతులు వదిలేశామో రాయమంటాను. గోడౌన్‌లో చోటు, కలప సరఫరా, పాత కస్టమర్‌కు ఇచ్చిన మాట... మార్కెటింగ్ వాళ్లు ఒకటి చెబితే హెచ్‌ఆర్ వాళ్లు ఇంకోటి అందుకుంటారు.

టేబుల్‌ను పూర్తిగా వదల్లేదు, ఒకటి చేత్తో చేయిస్తాను. విసుక్కునేవాళ్లకు 1947 నాటి సంగతి చెబుతాను. 77 ఆహార పదార్థాలు, 9 పోషకాలున్న స్టిగ్లర్ డైట్ సమస్యను (పోషకాలన్నీ అందేలా అతి తక్కువ ఖర్చుతో తిండి ఎంచుకునే లెక్క) అప్పట్లో సింప్లెక్స్‌తో, చేతితో నడిపే క్యాలిక్యులేటర్ల మీద చేయడానికి సుమారు 120 పనిదినాల శ్రమ పట్టింది. ఆ తర్వాత తమ మూడు వరసల టేబుల్ మీద ఫిర్యాదులు కాస్త తగ్గుతాయి.

ఇంటర్నల్ పరీక్షలో సెన్సిటివిటీ రిపోర్టు ప్రింట్ ఇచ్చి, ప్రొడక్షన్ హెడ్‌కు ఒక పేజీ ఉత్తరం రాయమంటున్నాను: ఏ విభాగంలో గంటలు పెంచాలి, ఎంతవరకు, ఎందుకు. షాడో ప్రైస్ అనే మాట అందులో వాడకూడదు. వాడితే ఒక మార్కు కట్.