యెష్షయి కట్టిచ్చిన మూట

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏటికి తలా ఒక బైబిలు వచనం రాసిన వాగ్దానపు కార్డులు పంచేటప్పుడు చాలామంది తల్లిదండ్రులు పిల్లల కోసం మనసులో కోరుకునే వచనం ఒకటుంది, ద్వితీయోపదేశకాండం 28:13. “యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు.” దాని పైనున్న 12వ వచనంలోంచి “ఆకాశమను తన మంచి ధననిధిని తెరచును” అన్న ముక్క కూడా మనకు నోటికొచ్చు. ఆ ధననిధిని దేనికి తెరుస్తాడో చెప్పే మాటలు మాత్రం ఎక్కువగా కార్డు మీదికి రావు. వాన దాని కాలంలో కురిపించడానికి, “నీవు చేయు కార్యమంతటిని ఆశీర్వదించుటకును” అని అక్కడ రాసి ఉంది. దీవెన వచ్చి వాలేది చేస్తున్న పని మీద. “నువ్వు చదువుకో నాయనా, మిగతావన్నీ మేం చూసుకుంటాం” అని పిల్లల చేతిలోంచి ప్రతి పనీ లాగేసుకుని, వాళ్ల చేతిపనిని దీవించమని మోకరిస్తే, దేవుడు దీవించడానికి మనం అక్కడ ఏం మిగిల్చాం?

పిల్లల పెంపకం గురించి ధ్యానించడానికి 1 సమూయేలు 17వ అధ్యాయం మంచి చోటు. మనం నేరుగా గొల్యాతు దగ్గరికి పరుగెడతాం కాబట్టి దానికి ముందున్న నాలుగైదు వచనాలు ఆగి చదవం. 17వ వచనం నుంచి చూడండి. యెష్షయికి ఎనిమిదిమంది కొడుకులు. పెద్దవాళ్లు ముగ్గురు యుద్ధంలో ఉన్నారు. చిన్నవాడు దావీదుకి తండ్రి ఒక పని చెబుతున్నాడు. వేయించిన గోధుమలు ఒక తూమెడు, పది రొట్టెలు అన్నలకి. పది జున్నుగడ్డలు వాళ్ల సహస్రాధిపతికి. త్వరగా వెళ్లాలి. అన్నలు క్షేమంగా ఉన్నారో లేదో కనుక్కోవాలి. వాళ్ల దగ్గర నుంచి ఒక ఆనవాలు తేవాలి.

ఏం తీసుకెళ్లాలి, ఎంత, ఎవరికి, ఎక్కడికి, వెళ్లినట్టు రుజువేంటి? అన్నీ చెప్పాడు. హెబ్రీ కొలతలో ఆ గోధుమలు సుమారు 22 లీటర్లు. బేత్లెహేము నుంచి ఏలా లోయకి ఇరవై కిలోమీటర్లకి పైనే. పిల్లాడి చేతికి ఇచ్చిన చిన్న సంచి కాదది. అయినా అంతా చెప్పి పంపాక యెష్షయి వెనకాలే ఇంకొకణ్ణి పంపలేదు.

దావీదు చేసిన తీరు చూడండి. పొద్దున్నే లేచి, గొర్రెల్ని ఒక కాపరికి అప్పగించి బయల్దేరాడు. దండులోకి చేరాక మూట ఎక్కడో పడేసి యుద్ధం చూడ్డానికి పోలేదు. సామగ్రి కనిపెట్టేవాడికి ఒప్పజెప్పి, అప్పుడు పరుగెత్తుకెళ్లి అన్నల కుశలం అడిగాడు. కాసేపటికి పెద్దన్న ఏలీయాబు కోపంతో “అరణ్యములోని ఆ చిన్న గొఱ్ఱెమందను ఎవరి వశము చేసితివి?” అని నిలదీశాడు. ఆ ప్రశ్నకి జవాబు 20వ వచనంలోనే సిద్ధంగా ఉంది. సౌలు రాజు ముందు నిలబడి సింహాన్నీ ఎలుగుబంటినీ చంపానని చెప్పడం గొప్పగా కనిపిస్తుంది గానీ, ఒక తండ్రిగా, తల్లిగా చదివితే మందని కాపరికి అప్పగించి కదలడం అంతకన్నా తక్కువేమీ కాదు.

ఇంకో సంగతి. అభిషేక తైలం 16వ అధ్యాయంలో. రొట్టెల మూట 17వ అధ్యాయంలో. సమూయేలు ప్రవక్త చేత రాజుగా అభిషేకం పొందినవాడు మళ్లీ తండ్రి గొర్రెల్నే మేపుతున్నాడు, అన్నలకి తిండి మోస్తున్నాడు. దీవెన వచ్చింది కదా, ఇక వీడికి చిన్న పనులెందుకు అని యెష్షయి అనుకోలేదు. మన ఇళ్లలో పదో తరగతిలో మంచి మార్కులొస్తే ఆ రోజు నుంచే పిల్లాడికి మంచినీళ్ల గ్లాసు కూడా చేతికందిస్తాం.

మత్తయి 25లో ఒక యజమానుడు ముగ్గురు దాసులకి తలాంతుల లెక్కన డబ్బు అప్పగించి ప్రయాణమైపోతాడు. తిరిగొచ్చాక అతని మాట ఇంకా సూటిగా ఉంటుంది. “నీవు ఈ కొంచెములో నమ్మకముగా ఉంటివి, నిన్ను అనేకమైనవాటిమీద నియమించెదను.” బాగా పనిచేసినవాడికి దొరికిన బహుమానం ఇంకా పెద్ద పని, దాంతోపాటు యజమానుడి సంతోషంలో పాలు. ఆ “కొంచెము” కూడా తక్కువది కాదు: ఒక తలాంతు ఆరువేల దేనారాలు, దేనారం ఒక రోజు కూలి, అంటే ఒక్క తలాంతే కూలివాడి ఇరవై ఏళ్ల సంపాదన. “ఎవని సామర్థ్యము చొప్పున వానికి” ఇచ్చాడు. అయిదు తెచ్చినవాడికీ రెండు తెచ్చినవాడికీ 21, 23 వచనాల్లో చెప్పిన మెచ్చుకోలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఈ రెండు వచనాలు పక్కపక్కన చదవాలి. అక్క చేసినంత నువ్వు చేయలేదన్న మాట ఆ యజమానుడి నోట రాలేదు.

మన ప్రాంతంలో ఈ బోధకి ఒక అడ్డం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఒంగోలు, కనిగిరి, కందుకూరు, కావలి వైపు క్రైస్తవ కుటుంబాల్లో చాలావాటికి వెనక తరాల్లో పనంటే వెట్టి. కులాన్ని బట్టి నెత్తిన పడిన చాకిరీ. “నా బిడ్డ చేతికి మట్టి అంటకూడదు” అని ఒక జేజి అంటే అందులో న్యాయముంది. అయితే అదే తరాలకి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ దొర బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకి అక్కడ పని చూపించి కూలి ఇచ్చాడు. సంఘ బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు అయిపోయాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యని మనం పండుగల్లో చెప్పుకుంటాం. దానికి ముందు పార పట్టి, కూలి లెక్క చూసుకుని, తల ఎత్తుకుని ఇంటికెళ్లిన నెలల్ని కూడా పిల్లలకి చెప్పాలి. వెట్టిలో లెక్క ఉండదు, నమ్మకం ఉండదు, ఎదగడం ఉండదు. ఆ మూడూ ఉంటేనే అది బాధ్యత.

కాబట్టి పిల్లల్ని కూలికి పంపమని ఎవరూ అనుకోవద్దు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదు. పొగాకు బ్యారన్ దగ్గర, రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా వాళ్ల పని కాదు. చెప్పేది ఇంటి పని గురించి, మందిరం పని గురించి.

ఆరేడేళ్ల పిల్లకి పిడికెడు బియ్యం డబ్బా ఇవ్వొచ్చు. పూటకి ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది ఆ పాపే. వేసేది అమ్మ పిడికిలితో కాదు, పాప పిడికిలితోనే. నెలాఖరుకి డబ్బా మందిరానికి మోసేది కూడా తనే. మర్చిపోయిన పూట మనం గుట్టుగా రెండు పిడికిళ్లు వేయడం ప్రేమలాగే ఉంటుంది గానీ, ఆ నెల డబ్బా ఇక మన కానుక అవుతుంది. తక్కువైతే తక్కువే వెళ్లనివ్వండి.

పది, పదకొండేళ్లకి డబ్బు చేతికివ్వాలి. వారం కూరగాయలకి నాలుగు వందలో అయిదు వందలో ఇచ్చి, యెష్షయిలాగా ఏం, ఎంత, ఎక్కడ అని ముందే చెప్పి, తిరిగొచ్చాక చీటీ, చిల్లర అడగాలి. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, లెక్క అసలు అడక్కపోవడం. పిల్లలు దాన్ని నమ్మకం అనుకోరు, పట్టింపు లేదనుకుంటారు. రెండోది, అంగడికి వెళ్లిన పది నిమిషాలకే ఫోన్ చేసి “టమాటా ఎంతంట?” అని మొదలుపెట్టడం. తలాంతుల యజమానుడు “బహు కాలమైన తరువాత” వచ్చి లెక్క చూసుకున్నాడు. మధ్యలో వాళ్లకి పొరపాటు చేసి సరిదిద్దుకునే సమయం దొరికింది. పుచ్చు వంకాయలు తెచ్చాడా, అవే వండి పెట్టండి. వచ్చేసారి వాడే తిప్పి చూసి తీసుకుంటాడు.

ప్రతి పనికీ డబ్బులివ్వడం వద్దు. తిన్న కంచం కడగడం, పక్క సర్దడం ఇంట్లో మనిషిగా చేసేవి. అలాగే “ఎవడైనను పని చేయనొల్లని యెడల వాడు భోజనము చేయకూడదు” అన్న వచనం అన్నం ముందు కూర్చున్న పిల్లాడి మీద విసరొద్దు. పౌలు ఆ మాట రాసింది పని మానేసి పరుల జోలికి పోయే పెద్దవాళ్లకి. ఇక ఆడపిల్లకి అన్ని పనులూ, మగపిల్లాడికి ఏదీ లేకపోవడం మన ప్రాంతంలో, సంఘ పెద్దల ఇళ్లతో సహా, బాగా ఉంది. తిండి మూట మోసుకెళ్లింది మగపిల్లాడేనని 17వ అధ్యాయం చెబుతూనే ఉంది. ఇంటర్‌కి హాస్టల్లో చేరిన వారానికే బట్టలుతుక్కోవడం రాక మగపిల్లలు ఏడ్చే ఫోన్లు ఎంతోమంది తల్లులకి తెలుసు.

కొంచెం ఇవ్వకుండానే ఎక్కువ ఇచ్చేస్తే జరిగేది బండి తాళంలో కనిపిస్తుంది. ఎన్నడూ ఒక బాధ్యత మోయని పదిహేనేళ్లవాడికి పుట్టినరోజు కానుకగా బండి ఇచ్చి, “దేవుని కృప” అని స్టేటస్ పెడతారు. మైనరు బండి నడిపి ప్రమాదం చేస్తే 2019 సవరణ తర్వాత తండ్రికో సంరక్షకుడికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. కృపని ఇందులోకి లాగొద్దు.

పన్నెండు దాటిన పిల్లలకి, ఊళ్లో కాస్త పెరడున్న ఇళ్లలో, కోత పండుగకి మందిరానికి కానుకగా ఇచ్చే కోడిని పెంచడం చాలా మంచి పని. పండుగకి ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. పొదుగుకొచ్చిన నాటుకోడిని గంపలో వరిగడ్డి పరిచి పది, పన్నెండు గుడ్ల మీద కూర్చోబెట్టాలి. ఎక్కువ పెడితే రెక్కల కిందికి రాని గుడ్లు చల్లారి పాడవుతాయి. వారం దాటిన గుడ్లు పెట్టకూడదు. ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపించాలి. తేటగా ఉన్నవి తీసేయాలి. ఇరవై ఒకటో రోజుకి కోడిపిల్లలు. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేయకపోతే కోడిపిల్లలు అందులోనే పడి చస్తాయి. మొదట సన్న నూకలు. మొదటి వారంలోనే కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి. సీసాలో చాలా కోళ్లకి సరిపడా మందుంటుంది కాబట్టి నాలుగిళ్ల పిల్లలు కలిసి పశువుల ఆసుపత్రికి వెళ్లి, ఐసులో పెట్టి తెచ్చుకుంటే వృథా కాదు. పగలు గద్ద, కాకి. రాత్రి పిల్లి. అందుకే మాపున లెక్కపెట్టి గంప కింద కమ్మి, పైన రాయి పెట్టాలి. ఒకటి తగ్గిందంటే ఎప్పుడు, ఎలా తగ్గిందో వాడే చెప్పాలి. తిట్టాల్సిన పని లేదు, లెక్క చెబితే చాలు.

పండుగ రోజు ఏ పుంజుని తీసుకెళ్లాలో వాణ్ణే ఎంచుకోనివ్వండి. మలాకీ 1:8 ముందు రాత్రి కుటుంబ ప్రార్థనలో చదివితే కుంటిదాన్ని, జబ్బుదాన్ని తనే పక్కన పెడతాడు. ఆరాధన అయ్యాక మందిరం ఆవరణలో వేలం పాట జరిగేటప్పుడు తండ్రి ఆ కోడిని తానే పాడుకుని ఇంటికి తెచ్చేయడం బాగుండదు, వేరేవాళ్లకి వెళ్లనివ్వాలి. మిగిలినవాటిలో రెండు పెట్టల్ని అమ్మకుండా వాడి పేరనే ఉంచండి. వచ్చే ఏటి పొదుగు వాటితోనే. మేత ఖర్చు ఇక మన జేబులోంచి కాదు, ఆ పెట్టల గుడ్లు అమ్మిన డబ్బుతో. దశమ భాగం ఎంతో, మేతకి ఎంతో, మిగిలింది ఎంతో వాడి చేత్తోనే పుస్తకంలో రాయనివ్వండి.