రెసల్‌మేనియా 30లో పోటీల వరుస

అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శన రెసల్‌మేనియా. అందులో ముప్ఫయ్యోదైన రెసల్‌మేనియా 30 మాట వస్తే చాలామంది డేనియల్ బ్రయన్ గెలుపు గురించి గానీ, అండర్‌టేకర్ ఓటమి గురించి గానీ మాట్లాడతారు. రెండూ గొప్ప ఘట్టాలే. అయితే 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లోని సూపర్‌డోమ్‌లో జరిగిన ఆ ప్రదర్శనను నేను మళ్ళీ మళ్ళీ చూసేది ఏ ఒక్క పోటీ కోసమో కాదు, ఆ పోటీలను పేర్చిన వరుస కోసం.

మహారాష్ట్రలోని మా దెగ్లూర్, ధర్మాబాద్ వైపు తెలుగువాళ్ళకు కుస్తీల వరుస కొత్త సంగతి కాదు. ఇక్కడా, సరిహద్దుకు అవతల నిజామాబాద్ పల్లెల్లోనూ జాతర కుస్తీలు కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతాయి. ముందు చిన్నపిల్లలు బరిలోకి దిగుతారు. ఆ తర్వాత జోడీ జోడీకీ బహుమతి పెరుగుతూ పోయి, పొద్దుగూకే వేళకు పేరున్న పైల్వాన్లు వెండి కడియం కోసం తలపడతారు. కడియం కుస్తీకి ముందు జనాన్ని ఎంతసేపు ఊరించాలో, ఏ జోడీని ఎప్పుడు దించాలో జాతర పెద్దలకు బాగా తెలుసు.

యౌవనంలో మట్టిలో కుస్తీ పట్టిన మా మేనమామ టీవీ రెజ్లింగ్‌ను ఏనాడూ కుస్తీ అనలేదు. "ముందే మాట్లాడుకున్నంక గెలుపేంది, ఓటమేంది అల్లుడా?" అనేవారు. ఫలితాలు ముందుగానే నిర్ణయమవుతాయన్నది నిజమే, దాన్ని దాచాల్సిన పని కూడా లేదు. కానీ ఫలితం తెలిసిన మనుషులు, అది తెలియని డెబ్బై వేలకు పైబడిన ప్రేక్షకులను నాలుగు గంటల పాటు ఎలా నడిపించారన్నదే ఇక్కడ చూడవలసిన విద్య. ఆ విద్యకు రెసల్‌మేనియా 30ని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

మొదటి పోటీ డేనియల్ బ్రయన్‌కూ, రెజ్లరే కాక సంస్థ అధికారి కూడా అయిన ట్రిపుల్ హెచ్‌కూ మధ్య జరిగింది. దాని బరువు తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. 2012 రెసల్‌మేనియాలో బ్రయన్ షేమస్ చేతిలో 18 సెకన్లలో ఓడిపోయి ఛాంపియన్ బెల్టు పోగొట్టుకున్నాడు. అతనికి అంత అన్యాయం జరిగిందని భావించిన ప్రేక్షకులు అతని "యెస్" నినాదాన్ని తమదిగా చేసుకున్నారు. 2013 ఆగస్టులో సమ్మర్‌స్లామ్ అనే ప్రదర్శనలో అతను జాన్ సీనాను ఓడించి ఛాంపియన్ అయ్యాడు గానీ, నిమిషాలు గడవకముందే ట్రిపుల్ హెచ్ దెబ్బకూ రాండీ ఆర్టన్ అవకాశవాదానికీ ఆ బెల్టు చేజారింది. 30 మంది ఒకరి తర్వాత ఒకరు బరిలోకి దిగే 2014 జనవరి రాయల్ రంబుల్ పోటీలో 30వ వాడిగా బ్రయన్ వస్తాడని ఎదురుచూసిన జనం, రే మిస్టీరియో రావడంతో, తాము ఎంతో అభిమానించే మిస్టీరియోనే గేలి చేశారు. ఆ రంబుల్ గెలిచిన బటిస్టా రెసల్‌మేనియా చివరి పోటీలో ఛాంపియన్ ఆర్టన్‌తో బెల్టు కోసం తలపడవలసి ఉంది. జనం ఒప్పుకోలేదు. చివరకు మొదటి పోటీలో ట్రిపుల్ హెచ్‌ను ఓడిస్తే బ్రయన్ చివరి పోటీలో మూడవవాడిగా చేరవచ్చన్న షరతు పెట్టారు.

దీంతో మొదటి పోటీయే ఆఖరి పోటీకి తలుపు అయింది. ఎడమ భుజానికి పట్టీ వేసుకుని వచ్చిన బ్రయన్‌ను ట్రిపుల్ హెచ్ దాదాపు 26 నిమిషాలు ఆ చేతి మీదే దెబ్బతీస్తూ వచ్చాడు. చివరకు బ్రయన్ పరుగెత్తుకొచ్చి మోకాలితో కొట్టి గెలిచాడు. అంతటితో ఆపి ఉంటే అది మంచి పోటీ మాత్రమే అయ్యేది. ఓడిన ట్రిపుల్ హెచ్ కుర్చీతో అదే చేతిని చితకబాదడం వల్ల, ఈ చేతితో ఇతను రాత్రి చివర్లో ఇద్దరిని ఎలా ఎదుర్కొంటాడన్న బెంగ మిగతా ప్రదర్శన అంతటా ప్రేక్షకుడి వెంట నడిచింది.

మధ్యలోని పోటీల్లో షీల్డ్ అనే ముగ్గురి జట్టు కేన్ జట్టును మూడు నిమిషాల లోపే ముగించడం, బిగ్ షోను చేతులతో ఎత్తి తాళ్ళ అవతలికి వేసి సెసారో అనేకమంది ఒకేసారి తలపడే బ్యాటిల్ రాయల్ గెలవడం గుర్తుంచుకోదగ్గవి. బ్రే వయట్‌ను సీనా గెలవనివ్వకపోవడం మాత్రం నాకు నేటికీ నచ్చదు. ఎదుగుతున్న వయట్‌కు ఆ గెలుపు అవసరం, సీనాకు కాదు.

తరువాత అండర్‌టేకర్, బ్రాక్ లెస్నర్. 1991లో జిమ్మీ స్నూకాతో మొదలుపెట్టి రెసల్‌మేనియాలో 21 సార్లు గెలిచి ఒక్కసారీ ఓడని మనిషి అండర్‌టేకర్. ఆ నాటికి అతనికి 49 ఏళ్ళు. పోటీ నెమ్మదిగా, బరువుగా సాగింది. మధ్యలో అతని తలకు దెబ్బ తగిలిందని, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకువెళ్ళారని బయటికి వచ్చింది. లెస్నర్ తన ఎఫ్-5 దెబ్బను మూడోసారి వేసి, భుజాలు నేలకు అదిమి పిన్ చేసినప్పుడు రెఫరీ చేయి మూడోసారి నేలను తాకి పోటీ ముగిసింది. తెర మీద 21-1 అన్న అంకెలు వచ్చేదాకా జనం నమ్మలేదు. నోరు తెరుచుకుని ఉండిపోయిన ప్రేక్షకుల ముఖాలను కెమెరాలు ఒక్కొక్కటిగా చూపించాయి. ఈ నిర్ణయం తప్పని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ రాత్రి వరుసలో మాత్రం అది ఉండవలసిన చోటే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. అండర్‌టేకరే ఓడిపోగలిగిన రాత్రి బ్రయన్ కూడా ఓడిపోవచ్చు. అంతకు ముందు అతని గెలుపు ఖాయమనుకున్న ప్రతివాడికీ ఆ క్షణంలో నమ్మకం సడలింది.

ఆ వెంటనే 14 మంది మహిళల పోటీని పెట్టారు. ఏజే లీ తన బెల్టును నిలబెట్టుకున్నా, నిశ్చేష్టులైన జనం దాన్ని సరిగ్గా చూడనేలేదు. వరుసకు ఊపిరి తీసుకునే విరామం కావాలి, నిజమే. ఆ భారం ఆ మహిళల మీద వేయడం వారికి చేసిన అన్యాయం.

చివరి పోటీలో ట్రిపుల్ హెచ్, అతని భార్య స్టెఫనీ, వాళ్ళు తెచ్చిన రెఫరీ అడ్డుపడ్డారు. ఆర్టన్, బటిస్టా కలిసి బ్రయన్‌ను వ్యాఖ్యాతల బల్ల మీద పడవేస్తే స్ట్రెచర్ మీద తీసుకుపోబోయారు. అతను దాని మీంచి దిగి మళ్ళీ రింగ్‌లోకి వచ్చాడు. చివరకు బటిస్టాను మోకాలితో కొట్టి, మెడకు పట్టు బిగించి, ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టేలా చేశాడు. పిన్ కాకుండా పట్టుతో ముగించడమే సరైనదని నా అభిప్రాయం. రాత్రంతా దెబ్బలు తిన్న చేతులతోనే అతను ఆ పట్టు బిగించాడు. ఈ ముగింపును మా మేనమామకు చూపించినప్పుడు ఆయన ముందు జరిగినవేవీ అడగలేదు, బటిస్టా ఎత్తూ బరువూ అడిగి, "గంత పెద్ద పైల్వాన్‌కు ఆఖరి జోడీ సరిగ్గనే పెట్టిండ్రు" అన్నారు.