కొంగ మళ్లీ సాఫ్టే, కానీ లెన్స్‌ది తప్పు కాదు

చెరువు అవతలి గట్టు మీద కొంగ ఫొటో ఈసారి కూడా సాఫ్ట్‌గానే, అంటే షార్ప్‌గా కాకుండా మసగ్గానే వచ్చింది. 600 ఎంఎం, అపెర్చర్ ఎఫ్ 6.3, షట్టర్ 1/2500 సెకను, ఐఎస్ఓ 800, ఫోకస్ బాక్స్ కంటి మీద నుంచి కదల్లేదు, అయినా ఫొటోని 100 శాతం సైజులో చూస్తే మెడ ఈకలన్నీ పాలల్లో ముంచి తీసినట్టు కలిసిపోయాయి. తెల్లారుజామున, మంచి చలి, గాలి కూడా లేదు, ఇంకేం కావాలండీ దీనికి!

పోయినసారి ఇక్కడ పెట్టిన కొంగ ఫొటో చూసి సగం మంది సూపర్ అన్నారు, థాంక్స్, కానీ దాంతో పని జరగదు కదా. కొందరు షట్టర్ పెంచమన్నారు, కొందరు లెన్స్ సర్వీస్‌కి ఇమ్మన్నారు. ఒకరు మాత్రం ఎడిట్ చెయ్యని క్రాప్ (ఫొటోలోంచి కత్తిరించిన ముక్క) పెట్టి దూరమెంతో చెప్పమన్నారు, ఫీడ్‌బ్యాక్ అంటే అదీ.

సరే అని ట్రైపాడ్ మీద పెట్టి, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసేది) ఆపి, షట్టర్ 1/500 నుంచి 1/3200 దాకా, ఎఫ్ 8లో కూడా తీశా. తేడా లేదు. అదే లెన్స్‌తో 15 మీటర్లలో కొమ్మ తీస్తే బెరడు గీతలు లెక్కపెట్టొచ్చు. కొంగ ఉన్నది దాదాపు 70 మీటర్లలో. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్‌లో అంత దూరంలో ఒక్కో పిక్సెల్‌లో కొంగ మీది 0.7 మిల్లీమీటర్లు పడుతుంది, 15 మీటర్లలో అయితే 0.15 మాత్రమే, కాబట్టి సన్న ఈకలు ఎలాగూ కొంత పోతాయి. కానీ అసలు క్లూ బర్స్ట్‌లో, అంటే టకటకా వరసగా తీసిన ఫ్రేముల్లో దొరికింది: ఒక ఫ్రేమ్‌లో ముక్కు షార్ప్, పక్క ఫ్రేమ్‌లో మసక, ఆ తర్వాతదాంట్లో కాలు వంకర. లెన్స్ తేడా అయితే అన్నీ ఒకేలా పాడవ్వాలి కదా. లైవ్ వ్యూ పెద్దది చేసి చూస్తే రెల్లు కాడలు గాలి లేకుండానే వణుకుతున్నాయి.

ఇది హీట్ షిమ్మర్, అంటే వెచ్చటి గాలి వల్ల దృశ్యం వణికినట్టు కనపడటం. ఎండ లేకుండా అదేంటి అంటే, నా గెస్ ఇది: రాత్రికి గాలి తొందరగా చల్లబడుతుంది, నీళ్లు అంత తొందరగా చల్లబడవు, నీటి మీంచి లేచే వెచ్చటి గాలి పైనున్న చల్లగాలితో కలుస్తుంటే దాంట్లోంచి వచ్చే వెలుతురు అటూ ఇటూ వంగుతుంది. పైగా నేల మీద పడుకుని తీస్తున్నా కాబట్టి చూపు 70 మీటర్లూ నీటికి అడుగు ఎత్తులోనే వెళ్తోంది. లో యాంగిల్ నాకూ ఇష్టమే, ఇక్కడ మాత్రం అదే కొంప ముంచుతోంది. ఇంకో అనుమానం, వెచ్చటి కార్లోంచి తీసిన లెన్స్ హుడ్‌లో (లెన్స్ ముందుండే గొట్టం లాంటి తొడుగు) చిక్కుకున్న గాలి. హుడ్ తీసి అరగంట బయట ఉంచితే కాస్త నయమైంది, కాస్తే.

ఏఐ షార్పెనింగ్ నాకు నచ్చదు, పిట్టకి లేని ఈకలు గీసిపెడుతుంది. నా లెన్స్ సోనీ 200-600 మీద మాత్రం నమ్మకం పెరిగింది, జూమ్ చేసినా లెన్స్ పొడుగవదు, ట్రైపాడ్ మీద బ్యాలెన్స్ పోదు.

లకుముకిపిట్ట మాత్రం దగ్గర్లోనే వాలింది, దాని ఫొటో బాగా వచ్చింది.

1.4 టెలికన్వర్టర్ (లెన్స్ జూమ్‌ని 1.4 రెట్లు పెంచే అటాచ్‌మెంట్) ఆలోచన మానేశా, అది ఆ వణుకుని ఇంకా పెద్దది చేసి చూపిస్తుందంతే. ఈసారి మబ్బు పట్టిన రోజు, గాలికీ నీటికీ థర్మామీటర్ పెట్టి రెండూ దగ్గరగా ఉన్నప్పుడు తీస్తా, కుదిరితే 20 మీటర్లలో హైడ్ (పిట్టకి కనపడకుండా దాక్కునే చాటు) వేసుకుని. చలిపొద్దున నీటి మీద తీసిన బర్స్ట్ మీ దగ్గరుంటే వరసగా అన్ని ఫ్రేములూ చూపించండి, బాగున్నదొక్కటే ఏరి పెట్టకండి ప్లీజ్.