చిగురు చూసి మురిసిపోకండి: మా మిద్దె మీద దానిమ్మ, నిమ్మ కొమ్మలు

తిరుపతిలో మా మిద్దె మీద దానిమ్మ, నిమ్మ కొమ్మలు ఒకేసారి నాటాను. ఇసుక నింపిన ప్లాస్టిక్ గ్లాసులు, చుట్టూ నల్ల కాగితం, తేమ పోకుండా పైన కప్పిన ప్లాస్టిక్ కవరు, అన్నీ రెండింటికీ ఒకటే. కోసిన తీరు మాత్రం వేరు.

దానిమ్మకు పెన్సిలంత లావు ముదురు కొమ్మ తీసుకుని ఆకులన్నీ తీసేశాను. అందులో పిండిపదార్థం నిల్వ ఉంటుంది, వేర్లు వచ్చేదాకా దాంతోనే బండి నడుస్తుంది. నిమ్మకు కోసింది ఇంకా పచ్చగా ఉన్న కొమ్మ. నిల్వ తక్కువ, ఆకులే వండిపెట్టాలి. అందుకే పైన రెండు మూడు ఆకులుంచి ఒక్కోదాన్ని సగానికి కత్తిరించాను. నిండు ఆకులుంచితే, వేర్లే లేని కొమ్మ వాటికి నీళ్లెక్కడి నుంచి తెస్తుంది? అన్నీ తీసేస్తే చక్కెర తయారు కాదు, లేత ఆకుల్లో పుట్టి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ కూడా తగ్గుతుంది. వేరు పుట్టించేది అదే. షాపుల్లో అమ్మే వేర్ల పొడిలోని ఐబీఏ కూడా ఆ జాతిదే. కోసిన మొనను అందులో అద్ది దులిపాను. తేనె పూయమనేవాళ్లూ ఉన్నారు, నాకు నమ్మకం లేదు.

అసలు టెన్షన్ వెలుతురుతోనే. మా ఊరి ఎండకు కవరు కింద కొమ్మ ఉడికిపోతుంది. గదిలో పెడితే ఆకుకు పనుండదు. పిట్టగోడ పక్కన గ్రీన్ నెట్ కింద సర్దాను. పొద్దున కవరు లోపల నీటిబొట్లు కనిపిస్తే ఆ రోజు నీళ్లు పోయను. ఇసుకలో గాలి ఆడకపోతే మొన కుళ్లుతుంది.

దానిమ్మ ముందు చిగురేసింది. "ఇంకేం మా, భూమిలో పెట్టెయ్" అంది ఎదురింటి అత్త.

"వేరు కనిపించనీ అత్తా."

ఆ చిగురు పాత నిల్వతో వచ్చింది. గ్లాసుకు చుట్టిన నల్ల కాగితం విప్పితే కోత అంచున తెల్లటి బుడిపెలే ఉన్నాయి. అది గాయం మానేటప్పుడు వచ్చే కాలస్, వేరు కాదు. కొన్ని దానిమ్మ కొమ్మలు ఆ చిగురుతోనే ఎండిపోయాయి, మిగతావి నిదానంగా వేరు పోసుకున్నాయి.

నిమ్మ పైకి ఉలుకూ పలుకూ లేదు. సగానికి కత్తిరించిన ఆకులు అలాగే పచ్చగా ఉన్నాయి. ఒకరోజు మెల్లగా లాగితే రాలేదు, గట్టిగా పట్టుకుంది. కాగితం విప్పాను. దారాల్లాంటి తెల్లటి వేర్లు గ్లాసు గోడను తాకి కిందికి వంగాయి.

తర్వాత కవరు ఒక్కసారిగా తీయకుండా రోజూ కాసేపు తెరిచి గాలికి అలవాటు చేశాను. పక్కవేర్లు వచ్చాకే కుండీకి మార్చాను.

ఇప్పుడు అత్త మామిడి కొమ్మ పట్టుకొచ్చింది. మామిడి కొమ్మ వేరు వేయడం చాలా కష్టం, మన చిత్తూరు వైపు తోతాపురి తోటలు అంటు మొక్కలతో వేసినవే. నర్సరీలో అంటు తెచ్చిస్తానని చెప్పి పంపించాను.