మూడంగుళాల గాలి

రాత్రి పదకొండున్నర. గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. మూడుసార్లు కడిగాను, నిమ్మచెక్క పెట్టి రుద్దితే తప్ప పోయేట్టు లేదు. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ వంటగది కిటికీ కళ్ళముందు నుంచి కదలడం లేదు. అది మామూలుగానే కదలదు, గొడవంతా అదే కదా.

గజరాజు కిటికీ సంగతే చెబుతున్నా, ఇంటి కిటికీ కాదు. గజరాజంటే మా మోటార్‌హోమ్, వంటగదీ పడకగదీ ఉన్న బండి.

పోయిన వారం అరిజోనాలోనే కొండల మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఉన్నాం. ఏడు వేల అడుగుల ఎత్తు. ఇక్కడ ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఏసీ లేకుండా నిద్రపట్టని రోజులు, అక్కడ పొద్దున్నే శాలువాలు. చలికి అన్నీ బిడాయించుకుని కూర్చున్నాం. పులిహోరకి పోపు పెడదామని పొయ్యి వెలిగించే ముందు పైన వెంట్ తెరిచాను, సింకు మీది కిటికీ కూడా తెరవబోయాను. మోటార్‌హోమ్‌లో గ్యాస్ వెలిగిస్తే గాలి ఆడాలి, పొయ్యి పక్కన స్టికర్ మీద కూడా అదే ఉంటుంది. అంత ఇరుకు గదిలో కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలేంటి. కిటికీ మూడంగుళాలు జరిగి ఆగిపోయింది. ఇక రాలేదు. సరేలే, వెంట్ ఉందిగా అని ఎండుమిర్చి వేశాను.

తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు. స్మోక్ అలారం కూత, చిన్నోడి దగ్గు, అత్తయ్యగారు శాలువా ముక్కుకి అడ్డం పెట్టుకుని మెట్లు దిగడం, పక్క సైటు వాళ్ళ కుక్క మొరగడం. ఇవన్నీ పర్వాలేదు. ఈయన తలుపు తెరిచి పట్టుకుని, తాపీగా, "ఇంట్లో చేసి తెచ్చుకోవాల్సింది" అన్నారు.

ఆ మాట ఎనిమిది రోజులుగా నాతోనే తిరుగుతోంది.

ఎందుకంటే కిటికీ బిగుసుకుపోవడానికి కారణం ఎవరు? మార్చిలో గ్యారేజీలోంచి నూనె స్ప్రే తెచ్చి, అన్ని కిటికీల పట్టాల్లో దీపావళి మతాబులా చిమ్ముకుంటూ పోయింది ఎవరు? నేను వద్దన్నాను. అద్దం జారే ఆ గాడిలో లోపల వెల్వెట్ లాంటి నూగు పట్టీ ఉంటుంది. దానికి నూనె తగిలితే మొదటి వారం వెన్నలా జారుతుంది. ఆ తర్వాత దారినపోయే ప్రతి దుమ్ముకణమూ వచ్చి అక్కడే కాపురం పెడుతుంది. పైగా ఇది అరిజోనా. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 దాకా మాన్సూన్ అని పేరు, వచ్చేది వానకంటే దుమ్ము ఎక్కువ. ఆకాశమంత గోధుమరంగు గోడ లేచి ఊరి మీదికి నడిచొస్తుంది. హబూబ్ అంటారు, అరబ్బీ మాట. ఆ దుమ్ము ఇసుకలా గరగరలాడదు, మైదాపిండిలా ఉంటుంది. ఎంత మూసినా లోపలికి వస్తుంది. దానికి నూనె కలిస్తే ఏమవుతుంది? చలిమిడి.

"కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అన్నారు, వాడు నూనె వేస్తే తప్పేముందమ్మాయ్?" అని అత్తయ్యగారు. కొడుకు పక్షం. ఆవిడ లెక్కలో ఆముదం అయితే ఇంకా మంచిదట. తలుపు బందులకి ఆముదం నేనూ రాస్తాను, కాదనను. కానీ ఇది ఇనుము మీద ఇనుము కాదు కదా.

ఈరోజు శనివారం. పొద్దున్నే స్టోరేజీ లాట్‌కి పోయి బండి తెచ్చి ఇంటిముందు పెట్టాం. రెండు రోజులకి మించి ఉంచితే కాలనీ వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది కాబట్టి చేసేదేదో ఇప్పుడే చెయ్యాలి. చాలామంది చేసే తప్పు ముందే నీళ్ళు పోయడం. పోస్తే బురద అవుతుంది. ముందు పొడిగా పాత టూత్‌బ్రష్‌తో గీకి, వాక్యూమ్‌కి సన్న మూతి తగిలించి లాగెయ్యాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళలో గిన్నెల సబ్బు ఒక్క చుక్క. ఆ నీళ్ళు బయటికి పోవడానికి ఫ్రేమ్ అడుగున, బయటివైపు, చిన్న చిన్న కన్నాలుంటాయి. మా వాటిలో ఒకదాంట్లో కందిరీగ మట్టిగూడు కట్టేసింది. ఇండియన్ స్టోర్ చీపురు పుల్ల పెట్టి పొడిస్తే ఫిల్టర్ డికాక్షన్ దిగినట్టు దిగాయి నీళ్ళు. ఆ పూట నాకు దొరికిన సంతోషం అదొక్కటే.

ఇంకోటి, ప్లాస్టిక్ గొళ్ళెం పట్టుకుని లాగకూడదు. అది విరిగేది లాగబట్టే (ఎవరు విరగ్గొట్టారో మళ్ళీ చెప్పను). రెండు అరచేతులూ అద్దం కిందిభాగాన ఆనించి, పక్కకి నెట్టాలి.

అలా అరచేతులు ఆనించానో లేదో, ఒంగోలు నుంచి నంద్యాల పోయే ఎర్రబస్సు గుర్తొచ్చింది.

మే నెల. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. బస్సు కిటికీలో రెండు అద్దాలు, ఒకదాని మీదికి ఒకటి జరిగేవి. అసలు కిరికిరి ఏంటంటే ఆ కిటికీ మన సీటుకీ ముందు సీటుకీ ఉమ్మడి. మనం ముందుకి నెడితే మనకి గాలి, ముందువాళ్ళకి అద్దం. వాళ్ళు వెనక్కి నెడితే అటు. అమ్మకి బస్సు పడదు, గుప్పిట్లో నిమ్మకాయతో కూర్చునేది. ముందు సీట్లో తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన. మార్కాపురం దాటాక ఆయన అద్దం మొత్తం మావైపుకి తోసి, దాని అంచు మీద మోచెయ్యి పెట్టి నిద్రపోయాడు. ఇంజన్ వేడి, వడగాలి, డీజిలు వాసన. నేను ఆ మోచెయ్యి కింద నుంచి అద్దాన్ని రెండు చేతులా నెట్టాను. కదల్లేదు. అమ్మతో లేపమన్నాను. "పాపం, ఏ పనికి పోయొస్తున్నాడో, పడుకోనీ" అంది. గిద్దలూరులో నిమ్మకాయ వాసన చూస్తోంది, పడుకోనీ అంది. నల్లమల కనుమ మలుపుల్లో సంచిలోంచి తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది, అప్పుడూ లేపలేదు. నంద్యాలలో దిగేటప్పుడు ఆయన లేచి, మమ్మల్ని చూసి, "ఒక్క మాట చెప్తే జరుపుదును గదమ్మా" అన్నాడు.

నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఇందులో న్యాయం లేదని తెలుసు. ఆ రోజు అమ్మ మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఎక్కడున్నాను? కిటికీ. మధ్యాహ్నానికి పడకగది కిటికీ శుభ్రమైపోయింది, ఒక వేలితో నెడితే పోతోంది. అక్కడ నాకు మొదటి అనుమానం రావాల్సింది. దానికీ అదే నూనె కొట్టారు, దానికీ అదే దుమ్ము. మరి ఇది కదిలి, వంటగదిదీ డైనింగ్ బల్ల దగ్గరదీ ఎందుకు కదలవు? ఫోన్ లైటు పెట్టి గాడిలోకి చూశాను. నలుపు కాదు, బురద కాదు. తేనెరంగులో, తీగలుతీగలుగా సాగుతోంది. జిగురు.

మే నెలలో ఎండకి అడ్డంగా ఆ రెండు కిటికీలకే వెండిరంగు బుడగల షీటు అంటించాం. అంటించాం కాదు, అంటించాను. రెండువైపులా అంటుకునే టేపుతో, సరిగ్గా అద్దం అంచుల వెంబడి, నీట్‌గా. పడకగదికి మందపాటి కర్టెన్ ఉందని వదిలేశాను. 2023లో పక్కనే ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి తగ్గలేదు. స్టోరేజీలో మూసి పెట్టిన బండి లోపల వేసవంతా ఎంత ఉడికి ఉంటుందో! టేపు జిగురు కరిగి, అద్దం వెంట దిగి, తిన్నగా ఆ నూగుపట్టీలో కూర్చుంది.

మందుల షాపు ఆల్కహాల్ గుడ్డకి అద్ది సాయంత్రం దాకా తుడిచాను. రబ్బరుకి ఎక్కువ తగలనివ్వకూడదు కాబట్టి చెవిలో పెట్టుకునే దూది పుల్లలతో, అంగుళం అంగుళం. డైనింగ్ దగ్గరది వదిలింది, జిడ్డు లేని పొడి సిలికాన్ స్ప్రే కొట్టాక బాగానే జారుతోంది. వంటగదిది మూడంగుళాల నుంచి ఎనిమిదికి వచ్చింది. మిగతాది రేపు. అప్పటికి చీకటి పడింది, ఈయన వచ్చి టార్చి పట్టుకుని నిలబడ్డారు. "చూశావా, నూనె నేను కొట్టకుండా ఉండాల్సింది" అని ఆయనే అన్నారు. నేను "ఊఁ" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. ఊఁ అంటే విన్నాను అని కూడా అర్థం. పైగా పులిహోర మాట అలాగే ఉంది, అది జిగురుకి సంబంధించింది కాదు. కిటికీ మంచుగడ్డలా బిగుసుకున్నా సరే, పోపు వాసనకి కళ్ళనీళ్ళు కారుతున్న మనిషితో ఆ మాట అనకూడదు.

టేపు సంగతి రేపు చెబుతాను. లేదంటే కిటికీ పూర్తిగా తెరుచుకున్నాక చెబుతాను. వెండి షీటు చుట్టి గ్యారేజీలో పెట్టాను, అది మళ్ళీ పనికొస్తుంది. మిగిలిన టేపు చుట్ట మాత్రం చెత్తబుట్టలో అట్టడుగున వేసి, పైన అరటితొక్కలు సర్దాను.