నీడ కూడా మనమే వేయాలి

పళ్లకి రంగు సరిపోల్చడం నా ఉద్యోగం. విజయవాడలో ఒక డెంటల్ ల్యాబ్‌లో సిరామిక్ పని చేస్తాను. డాక్టరు గారు ఏ2 అనో ఏ3 అనో షేడ్ రాసి పంపిస్తారు. ఆ షేడ్ వచ్చేలా పింగాణీ పొడిని పొరలు పొరలుగా పేర్చి కాలుస్తాను. రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో టేబుల్ లైటు వేసుకుని బొమ్మలకి రంగులు వేస్తాను. గొడ్డళ్లు పట్టుకున్న డ్వార్ఫ్ (మరుగుజ్జు) యోధులు, గోబ్లిన్లనే చిన్న భూతాలు, అస్థిపంజరాల సైన్యం, ఒకరిద్దరు మంత్రగాళ్లు. చాలావరకు బొటనవేలికి మించి ఉండవు. వాళ్లు నిలబడటానికి కూలిన గోడలు, వాగులు, బురుజులు కూడా నేనే కడతాను.

"ఆడుకోవడానికా?" అని అడుగుతుంటారు. ఈ బొమ్మలు పుట్టింది ఆటకోసమే. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ప్రాంతం వీటికి పెద్ద కేంద్రం. సిటడెల్ అనే కంపెనీ బొమ్మలతో బల్ల మీద యుద్ధాలు ఆడుకునేందుకు వార్‌హామర్ అనే ఆట 1983లో వచ్చింది. అప్పట్లో బొమ్మల్ని సీసం కలిసిన లోహంతో పోసేవారు. నాటింగ్‌హామ్ చుట్టూ ఇలాంటి కంపెనీలు ఎన్ని వెలిశాయంటే, ఆ ప్రాంతాన్ని అభిమానులు లెడ్ బెల్ట్ (సీసపు పట్టీ) అని పిలుచుకుంటారు. రంగులు వేసేవాళ్ల కోసం 1987లో గోల్డెన్ డెమన్ అనే పోటీ మొదలైంది. అందులో అందరికంటే గొప్పగా వేసినవాళ్లకి ఇచ్చే బహుమతి నిజమైన కత్తి. ఆట ఆడేవాళ్లు వేరు, రంగు వేసేవాళ్లు వేరు అనుకునేంతగా ఈ పని పెరిగింది. నేను రెండో రకం. పాచికలు వేయడం కంటే ఒక గడ్డం వెంట్రుకల మీద వెలుగు తీసుకురావడమే నాకిష్టం.

వెలుగు అన్నాను కదా, ఈ పనికి ప్రాణం అదే. నిజం మనిషి చొక్కా మడతలో పడే నీడ గది అవతల నుంచి కూడా కనిపిస్తుంది. ఈ బొమ్మల కొలత 28 మిల్లీమీటర్లు, అదీ అరికాలి నుంచి కంటి దాకా. అంత చిన్న బొమ్మ చొక్కా మడతలో లోతు ఎంతుంటుంది? అందులో పడే నీడ బారెడు దూరం నుంచే కంటికి ఆనదు. ఎర్ర చొక్కాకి ఎర్ర రంగు వేసి వదిలేస్తే ఎర్ర ముద్ద కనిపిస్తుందంతే, మడతలు మాయమైపోతాయి. అందుకని నీడ మనమే వేయాలి, వెలుగూ మనమే వేయాలి. పంటి విషయంలోనూ ఇంతే. మొత్తం ఒకే తెలుపుతో చేస్తే నోట్లో సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. చిగురు దగ్గర కాస్త పసుపు, కొసన కాస్త గాజుతనం ఉంటేనే కన్ను దాన్ని పన్ను అని ఒప్పుకుంటుంది. ఈ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడే నాకు అంత దగ్గరగా అనిపించడానికి కారణం ఇదేననుకుంటాను.

ఎరుపు సంగతే చెప్తాను, చాలామంది అక్కడే తికమకపడతారు. ఎరుపుకి నీడ కావాలంటే నలుపు కలపకూడదు, మురికిగా తేలుతుంది. ముదురు మెరూన్‌లో చుక్క ఆకుపచ్చ కలిపి మడతల్లో వేస్తాను. వెలుగు కోసం తెలుపు కలిపితే గులాబీ రంగు వస్తుంది, యోధుడి అంగీ కాస్తా పెళ్లి పందిరి గుడ్డ అయిపోతుంది. దానికి నారింజ కలపాలి. భుజం మీద, మోచేతి మీద, మడత గట్టు మీద సన్నగా గీత గీస్తే చాలు, బట్ట ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. రంగు ఎప్పుడూ నీళ్లతో పల్చగా చేసుకుని రెండు మూడు పూతలుగా వేయాలి. చిక్కగా ఒకే పూత వేస్తే ముఖంలో చెక్కిన వివరమంతా పూడుకుపోతుంది.

మా ఊరి ఎండల్లో పల్చటి రంగు నిలవడం మరో సమస్య. మే నెలలో ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద చుక్క వేసి, కుంచె కడిగి వచ్చేలోపు అట్టకట్టేస్తుంది. దానికి తడి ప్యాలెట్ ఉంది. మూత గట్టిగా పట్టే స్వీట్ల డబ్బాలో తడిపిన స్పాంజ్ ముక్క పరిచి, దానిమీద కేకులు కాల్చే బటర్ పేపర్ వేస్తే అయిపోయింది. కింది తడి కాగితం గుండా కొంచెం కొంచెంగా పైకి వస్తూ ఉంటుంది. రాత్రి కలిపిన రంగు మర్నాటికీ పనికొస్తుంది. వానాకాలంలో ఇంకో రకం ఇబ్బంది. రంగులకి ముందు అడుగు పూతగా కొట్టే స్ప్రే ప్రైమర్ గాలిలో తేమకి గరుకుగా తేలుతుంది. అందుకే జూలై నుంచి అక్టోబరు దాకా ప్రైమర్ కుంచెతోనే వేస్తాను. ముందు నల్లటి పూత. అది ఆరాక పైనుంచి ఎండ పడే చోట్లన్నీ తెలుపుతో తుడుస్తాను. అంటే అసలు రంగులు మొదలుపెట్టకముందే ఎండ ఎటునుంచి వస్తోందో తేలిపోతుంది.

2019లో కాంట్రాస్ట్ రంగులు వచ్చాయి. ఒక్క పూతలోనే గుంటల్లోకి ముదురుగా జారి, గట్ల మీద లేతగా నిలుస్తాయి. అస్థిపంజరాల సైన్యానికి అవి బంగారం. ముఖాలకి మాత్రం నేను వాడను. ముఖంలో ఏ నీడ ఎక్కడ ఉండాలో నేనే నిర్ణయించుకోవాలి.

ముఖం అన్నాక కళ్లు. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్ల చేతి నుంచి నేను నేర్చుకున్నది ఇక్కడే ఎక్కువ. మా ఊరి నుంచి కొండపల్లి ఎంతో దూరం లేదు. తెల్ల పొణికి కర్రని చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. మేం బొమ్మల సందులు పూడ్చడానికి, బొచ్చు, తోలు, తాళ్లు చెక్కడానికి గ్రీన్ స్టఫ్ అనే పసుపు, నీలం పట్టీల పుట్టీ పిసికి వాడతాం. అది దొరకనప్పుడు ఎంసీల్. మక్కు చేసే పనీ అదే. రంగుల దగ్గరకొచ్చేసరికి దారులు విడిపోతాయి. కొండపల్లి బొమ్మకి నీడ వేయరు. అచ్చమైన ఎరుపు, అచ్చమైన పసుపు, వాటిమీద కనుబొమ్మకీ కంటికీ నల్లటి గీత. అంబారీ ఏనుగు మీద కూర్చున్న మనిషి గుమ్మం దగ్గర నుంచి కూడా తెలుస్తాడంటే ఆ గీత వల్లే. అది వెలుగుని నమ్ముకోని పద్ధతి, చాలా గట్టి పద్ధతి. నా డ్వార్ఫ్‌కి చొక్కా ఎంత బాగా వేసినా, కంటి దగ్గర గీత సరిగా పడకపోతే అది బొమ్మగానే ఉండిపోతుంది.

కన్ను ఇలా వేస్తాను. ముందు గుంట మొత్తం ముదురు గోధుమ రంగు. దానిలో బాదంగింజ ఆకారంలో తెలుపు, అదీ పచ్చి తెలుపు కాదు, కొంచెం బూడిద కలిపింది. ఆ తెలుపు చుట్టూ గోధుమ రంగు వెంట్రుకవాసి మిగలాలి. నల్లగుడ్డుకి చుక్క పెట్టను. చుక్క మధ్యలో తేలితే భయపడినట్టు చూస్తుంది. పైరెప్ప నుంచి కిందిరెప్ప దాకా నిలువుగా సన్న గీత, నడిమికి కాస్త పక్కగా. అప్పుడు బొమ్మ ఎటో చూస్తున్నట్టు ఉంటుంది. దీనికి పెద్ద కుంచే మేలు. మరీ సన్న కుంచెలో రంగు బొమ్మని తాకేలోపే ఆరిపోతుంది. కడుపు నిండుగా ఉండి, మొన సూదిలా నిలిచేది కావాలి. విన్సర్ అండ్ న్యూటన్ వాళ్లు 1866లో విక్టోరియా రాణి కోసం చేసిన సిరీస్ 7 కుంచెలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఖరీదే, కానీ నేను ముఖాలకి తప్ప దేనికీ తీయను. ఊపిరి బిగపట్టడం కంటే, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించుకుంటే చెయ్యి వణకదు.

ఇక కట్టడాలు. ఇప్పుడు చేస్తున్నది వాగు ఒడ్డున కూలిన బురుజు. రాళ్ల కోసం ఎక్స్‌పీఎస్ ఫోమ్ వాడతాను, డాబా మీద వేడి దిగకుండా పరిచే గట్టి రకం. థర్మోకోల్ కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది, ఇది కోసిన చోట నున్నగా తెగుతుంది. రెంటిమీదా స్ప్రే రంగు కొట్టకూడదు, అందులోని ద్రావకానికి కరిగిపోతాయి. ముందు ఫెవికాల్, నల్ల రంగు కలిపి పూత వేయాలి. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చుట్టి ఫోమ్ మీద దొర్లిస్తే రాతి గరుకుతనం వచ్చేస్తుంది. పెద్ద బండలకి మాత్రం డెంటల్ స్టోన్, అంటే ల్యాబ్‌లో పళ్ల నమూనాలు పోసే గట్టి ప్లాస్టర్. నలిపిన ఫాయిల్లో పోసి, గట్టిపడ్డాక విరగ్గొడితే విరిగిన ముఖం అసలైన రాయిలాగే ఉంటుంది. మైనం చెక్కే లెక్రాన్ కార్వర్‌తోనే రాళ్ల మధ్య సందులు గీస్తాను.

గోడకి రంగు వేసేముందు రెడ్డిరాజుల కాలం నాటి కొండపల్లి కిల్లా మీదికి వెళ్లి వచ్చాను. పాత రాతిగోడ అనగానే మనసులో బూడిద రంగే ఉంటుంది. దగ్గరగా చూస్తే బూడిద రంగు రాయి తక్కువే. తుప్పు ఛాయ, తేనె ఛాయ, పాచి ఎండి నల్లబడిన మచ్చలు, సున్నం కారిన తెల్లటి చారలు. నా బురుజులోనూ రాయికో ఛాయ వేశాను. తరవాత పల్చటి గోధుమ రంగు నీళ్లు సందుల్లోకి వదిలి, అది ఆరాక, కాగితం మీద తుడిచి దాదాపు పొడిగా చేసిన కుంచెతో అంచులు మాత్రం లేతగా రుద్దాను. అన్ని ఛాయలూ ఆ పొడి రుద్దుడుతో ఒక గోడగా కలిశాయి.

తలుపు కొలత గురించి ఒక మాట. లెక్క ప్రకారం కడితే తలుపు పొట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే బొమ్మ గుండ్రటి పీఠం మీద నిలబడి ఉంటుంది. పీఠం ఎత్తు కలుపుకుని, ఇంకాస్త పెంచే కట్టాలి.

నేలకి కృష్ణ ఒడ్డు ఇసుక, మా పెరటి మట్టి. టీ వడకట్టే జల్లెడలో జల్లించి, పెనం మీద వేయించి పురుగు లేకుండా చేసి ఫెవికాల్ మీద చల్లుతాను. మొన్న మా అన్నయ్య కూతురు పక్కన కూర్చుని చూస్తోంది.

"అత్తా, మట్టి మీద మళ్లీ మట్టి రంగెందుకు వేస్తున్నావు?"

"మట్టిలా కనబడాలి కదమ్మా."

"అది మట్టే కదా!"

"ఫెవికాల్ తాగి నల్లబడిపోయింది చూడు. బొమ్మ పక్కన పెడితే ఒక్కో రేణువూ గులకరాయంత ఉంది."

అది కాసేపు బొమ్మనీ మట్టినీ మార్చి మార్చి చూసి, పొడి కుంచె తీసుకుని తనే రుద్దడం మొదలుపెట్టింది. బాగానే రుద్దింది. సంక్రాంతికి బొమ్మల కొలువులో ఇసుక కొండ కట్టి, ఆవాలు చల్లి పచ్చిక మొలిపించే పని ఇంట్లో ఎలాగూ దానిదే. ఎండు గడ్డి దుబ్బులకి కొబ్బరి పీచు కత్తిరించి ఇచ్చింది. రాలిన ఆకులకి వాడేసిన టీ పొడి ఉంది. దాన్ని రెండు ఎండలు పూర్తిగా ఎండబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది.

వాగు మిగిలింది. నీళ్లకి రెజిన్ పోస్తాం, అది గాజులా తేటగా గట్టిపడుతుంది. కానీ అది ఉండేది కొన్ని మిల్లీమీటర్లే, అంత పల్చటి నీటికి లోతు రాదు. కాబట్టి లోతు కూడా అడుగున రంగుతోనే రావాలి. నడుమ నలుపుకి దగ్గరగా ఉండే ఆకుపచ్చ, ఒడ్డుకి వచ్చేకొద్దీ ఇసుక ఛాయ. బండ వెనక నీరు నిలిచే చోట ఇంకాస్త ముదురు. నిన్న రాత్రితో ఆ రంగు పూర్తయింది. రెజిన్ ఒక్కసారే పోస్తే వేడెక్కి బుడగలు కట్టే ప్రమాదం ఉంది, అందుకని పల్చటి పొరలుగా పోస్తాను. ఆదివారం మొదటిది. చివరి పొర గట్టిపడ్డాక ఒడ్డున గొడ్డలి డ్వార్ఫ్‌ని నిలబెట్టి, పగటి వెలుతురులో ఒకటి, దీపం కింద ఒకటి ఫొటోలు తీసి పెడతాను. నీళ్లలో ఏ చోట లోతు ఎక్కువ అనిపిస్తుందో చూసి చెప్పండి.